పారిస్ నుంచి ఫోను

కొత్త మంత్రివర్గం ప్రకటించే రోజు. ప్రిఫెక్టుగా జిల్లాలు ఏలి, ఎంపీగా కూడా వెలగబెట్టిన మా గిస్లాన్ గారు పొద్దుటి నుంచీ టై బిగించి ఫోను ముందు తపస్సు చేస్తున్నారు.

భార్య మిరేయ్ మా ఊరి మేయరు. ఆమె ఫోను మోగినప్పుడల్లా ఈయన ఉలిక్కిపడి, చివరికి దాన్ని ఆపించేశారు.

"మంత్రిగారూ, ఉల్లిపాయ సూపు చల్లారిపోతోంది. మంత్రులు తినరా ఏంటి?" వంటింట్లోంచి కేకేసింది మిరేయ్.

ఆయన ఫోను మోగింది. లేచి నిలబడి మరీ ఎత్తారు.

"అధ్యక్షులవారి ఆఫీసండీ. మంత్రుల్లో సగం ఆడవాళ్లుండాలిగా, ఒకరు తక్కువయ్యారు. మేడమ్ గారికి వ్యవసాయ శాఖ ఇద్దామంటే ఆవిడ ఫోను పలకట్లేదు. కాస్త పిలుస్తారా?"

గిస్లాన్ వంటింటి వైపు చూశారు.

"ఆమెకి ఇష్టం లేదండీ," అని పెట్టేశారు.

"ఎవరు?"

"రాంగ్ నంబరు."

మిరేయ్ వచ్చి ఆయన భుజం నిమిరింది. "దిగులుపడకు. నీలాంటివాణ్ని ఎవరు వదులుకుంటారు?" అని సూపు మళ్లీ వేడిచేసింది.