మడ్డి దొంగ

పీపాలోకి వంగి ఉన్న ముసలాయన్ని ఐలివ్ బావమరిది చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

"చూడు బావా. మనం బీరు తాగుతుంటే ఈయన మడ్డి దొంగిలిస్తున్నాడు."

ముసలాయన చేతిలో దగ్గు మందు సీసా అంత చిన్న సీసా. అందులో సగం దాకా చిక్కటి మడ్డి.

క్రిస్మస్ బీరు పొంగు చల్లారిన రోజు అది. ఆ రోజు ఎవరైనా వచ్చి రుచి చూడొచ్చు. బాగుంటే ఇంకో గిన్నె అడుగుతారు. బాగోకపోతే ఆ మాట ఎవరూ అనరు. వాతావరణం గురించి మాట్లాడతారు.

ఐలివ్ ఇంట్లో వాతావరణం మాట ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు.

"ఏ ఊరు పెద్దాయనా?"

"అవతలి ఒడ్డు."

"అడిగితే కడుపునిండా పోసేవాళ్లంగా. దొంగతనం దేనికి?"

"బీరు ఎవరైనా పోస్తారు. తోడు అడిగితే ఇవ్వని ఇళ్లున్నాయి."

ఆ మడ్డే వచ్చే బీరుకు తోడు. తాతల నాటి నుంచి ఆ ఇంట్లో పులుస్తున్నది. ఐలివ్ ముఖం ఎర్రబడింది.

"పట్టుకుపో. మళ్లీ ఈ గడప తొక్కకు."

"పందులకు పెడతాడేమో," అన్నాడు బావమరిది. అందరూ నవ్వారు.

ముసలాయన టోపీ పెట్టుకుని మంచులోకి వెళ్లిపోయాడు.

వేసవిలో మనవడి బాప్తిస్మం వచ్చింది. ఇంటి తోడుతో కాచిన బీరు లేకుండా ఆ ఇంట్లో ఏ బిడ్డకూ బాప్తిస్మం జరగలేదు. తోడును కొయ్య ముక్కలు గుచ్చిన దండకు పట్టించి, ఆరబెట్టి, కొట్టంలో వేలాడదీసి ఉంచుతారు.

పట్నం నుంచి వచ్చిన కోడలు మారిట్ ఇల్లు శుభ్రం చేస్తూ ఆ దండను చూసింది.

"ఎంత మురికి పట్టిందో అత్తయ్యా. సబ్బుతో రుద్ది, మరిగే నీళ్లలో వేసి తీశాను," అంది, తెల్లగా మెరుస్తున్న దండను చూపిస్తూ.

ఐలివ్ భార్య రాగ్నా దండ అందుకుని తిప్పి చూసింది. తోడు కాస్త కూడా మిగల్లేదు.

ఇరుగుపొరుగును అడిగారు. అందరూ ఎప్పుడో కొట్లో దొరికే ఈస్టు ప్యాకెట్‌కు మారిపోయారు. ఐలివ్ కూడా ఆ ప్యాకెట్‌తోనే కాచాడు.

పొంగు చల్లారిన రోజు జనం రుచి చూడటానికి వచ్చారు. తలా ఒక గుక్క తాగారు.

"ఈ ఏడు గడ్డి ఎండేట్టు లేదు," అన్నాడు బావమరిది.

"గాలి పడమటి నుంచి కదా మరి," అన్నాడు పక్కాయన.

మారిట్ లోపలికెళ్లి తలుపు వేసుకుంది. ఏడుపు బయటికి వినిపిస్తూనే ఉంది.

"బాప్తిస్మానికి ఇంకా వారం ఉంది. ఆ మడ్డి దొంగ దగ్గరికి వెళ్లు," అంది రాగ్నా.

"గడప తొక్కొద్దన్నానే. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?"

"రోజూ దేవుణ్ణి అడుగుతావు. ఒక్కరోజు మనిషిని అడగలేవా?"

ఐలివ్ పడవ వేసుకుని వెళ్లాడు. సాయంత్రం చిన్న సీసాతో వచ్చాడు. నేరుగా పీపా దగ్గరికి నడిచాడు. పీపా మీద సిలువ గుర్తు వేసి, తోడు పోశాడు.

మళ్లీ జనం వచ్చారు. బావమరిది ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. తర్వాత గిన్నె చాచాడు.

"ఇంకోటి పొయ్యి."

బయట వాన కురుస్తోంది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. రాగ్నా ఊపిరి పీల్చుకుంది. మారిట్ ముఖంలో నవ్వు కనిపించింది.

"ఆయన్ని కూడా పిలవాల్సింది మామయ్యా."

"రాడమ్మా. ఈస్టర్ తర్వాత పోయాడట. వాళ్ల చెల్లెలు నేలమాళిగ చూపించింది. ఈ లోయలో ప్రతి ఇంటి తోడూ ఉంది అక్కడ. ఎవరింట్లో పోయినా తిరిగిద్దామని, ఏటా కాస్త కాస్త కాచి బతికించేవాడట."

"మా ఇంటిది కూడానా?" అన్నాడు బావమరిది, నెమ్మదిగా.

"మీ తాత నాటిది."

అతను గిన్నె కింద పెట్టి, టోపీ తీశాడు.

"మరి ఆయన ఇంటి బీరు ఎలా ఉండేది మామయ్యా?" అని అడిగింది మారిట్.

ఐలివ్ కోడలి వైపు చూశాడు.

"ఆయన ఇంటిదొక్కటే లేదమ్మా. ఆయన చిన్నప్పుడు, వాళ్లమ్మ దండను శుభ్రంగా కడిగేసిందట."