రేకులా, ప్రాసెసరా?

"మళ్లీ ఆగి చచ్చింది!" గ్లెండా మౌస్‌ని బల్లకేసి కొట్టింది.

తెర మీద నలభై మూడు శాతం దగ్గర గీత కదలనని మొండికేసింది. కంప్యూటర్ రొద మాత్రం ఇల్లెగిరిపోయేలా ఉంది. ఎవరో పెద్దింటి అమ్మాయి పద్దెనిమిదో పుట్టినరోజు వీడియో అది. ఎల్లుండికల్లా ఇవ్వకపోతే ఆ పిల్ల తల్లి ఊరుకోదు. కేసోన్ సిటీలో ఇంకెవరూ గ్లెండాకి వీడియో పని ఇవ్వకుండా చేస్తుంది.

"కాసేపు ఆపి మళ్లీ పెట్టు. వేడెక్కి ఉంటుంది," అన్నాడు ఆమె మొగుడు ఆర్నెల్, పాండెసాల్ రొట్టె కాఫీలో ముంచుకుంటూ.

"వేడెక్కింది దానికి కాదు, నాకు! ప్రాసెసర్ మార్చందే లాభం లేదు. లే, గిల్మోర్ వీధిలో కంప్యూటర్ షాపులకి పోదాం. చీటీ డబ్బులు వచ్చాయిగా."

రొట్టె ముక్క కాఫీలో పడిపోయింది. ఆర్నెల్ దాన్ని పట్టించుకోలేదు.

"అవి కప్పు మీద రేకులకి కదే! రేడియోలో తుఫానంటున్నారు. పోయినేడు మంచం మీద గొడుగేసుకుని పడుకున్నాం, మర్చిపోయావా?"

"ఈ పని పోతే ఆ గొడుగు కూడా కొనలేం."

"ఈ కంప్యూటర్ కొని రెండేళ్లేగా అయింది. అప్పుడే ముసలిదైపోయిందా?"

"బిగించిన చేతులు అలాంటివి మరి! షాపువాడు బిగిస్తానంటే విన్నావా? డబ్బులు దండగ, నేనే వీడియోలు చూసి బిగిస్తానన్నావు. పెద్ద ఇంజనీరువి!"

ఆర్నెల్ కంప్యూటర్ పెట్టెని చంకనేసుకున్నాడు. రెండేళ్లయినా ఆ పెట్టె అద్దం మీద కొన్నప్పటి పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే ఉంది, బుడగలు బుడగలుగా లేచి. జీప్నీ బండిలో ఊరికే కూర్చోలేక ఆ పొర అంచుని గోటితో గీరాడు. గ్లెండా ఠపీమని చేతి మీద ఒక్కటిచ్చింది.

"చెయ్యి తియ్! రేపు అమ్ముకోవాల్సొస్తే కొత్తదానిలా ఉండాలా, వద్దా?"

ఎదురు సీట్లో ముసలావిడ నవ్వు దాచుకుంది. సోఫాకీ టీవీ రిమోట్‌కీ కవర్లు తొడిగిన ఇల్లు కాబోలు ఆవిడది కూడా.

గిల్మోర్ వీధిలో వీళ్లెప్పుడూ వెళ్లే షాపు బాల్డోది. సన్నటి స్క్రూడ్రైవర్ ఒకటి చెవి మీద పెట్టుకుని వచ్చాడు.

"ముందు విప్పి చూద్దామా అక్కా? చూసినందుకు మూడొందల పెసోలు."

"దేనికీ? రోగమేంటో నాకు తెలుసు. ప్రాసెసర్ ముసలిదైంది. ఇదే బోర్డులో కూర్చునే కొత్తది చూపించు. నా దగ్గర ఏడువేలే ఉన్నాయి."

"ఏడు వేల అయిదొందలక్కా."

"ఆరు వేల ఎనిమిదొందలు. లేకపోతే పక్క షాపుంది."

"అక్కా, నా పెళ్లాం పిల్లలు అన్నం మానేయాలి!"

"మా ఆయన మాత్రం వానలో తడవాలి. ఏడువేలు, ఆఖరి మాట."

బాల్డో నిట్టూర్చి డబ్బా తీశాడు. ఆర్నెల్ ఆమె భుజం తట్టాడు. "పోనీ ఆ మూడొందలిచ్చి ఒకసారి చూపిద్దామే. రేకులకి..."

"మళ్లీ రేకులంటే ఇక్కడే అరుస్తాను," అంది గ్లెండా. అప్పటికే అరుస్తూనే ఉంది.

డబ్బులు చేతులు మారాయి. బాల్డో డబ్బా సీలు మీద బ్లేడు ఆనించి ఆగాడు. "కోస్తే ఇక వెనక్కి తీసుకోను. సరేనా?"

"కొయ్యవయ్యా బాబూ!"

కోశాడు. తర్వాత పెట్టె విప్పి, పాత ప్రాసెసర్ మీదున్న ఫ్యాను, దాని కిందున్న బరువైన లోహపు దిమ్మె కలిపి పైకి లేపాడు. దిమ్మె అడుగు తిప్పి చూశాడు.

"అక్కా, ఇది ఎవరు బిగించారు?"

"ఇదిగో, ఈ మహానుభావుడే. ఏం?"

బాల్డో పట్టకారుతో దిమ్మె అడుగునుంచి ఏదో ఒలిచి, దీపం ముందు పట్టుకున్నాడు. గోధుమరంగుకి కమిలిపోయిన ప్లాస్టిక్ పొర.

"ప్రాసెసర్ వేడిని ఈ దిమ్మె లాగేయాలి. మధ్యలో ఇది అడ్డం కూర్చుంది. వేడి పోయే దారి లేక, కాలిపోకుండా ప్రాసెసరే వేగం తగ్గించుకుంది పాపం. కొత్త దిమ్మెకి ఈ పొర అంటించే వస్తుంది, బిగించే ముందు ఒలిచి పారేయాలి. పాతదానికి ఏ రోగమూ లేదక్కా, భేషుగ్గా ఉంది."

గ్లెండా కొత్త డబ్బాని బాల్డో వైపు తోసింది. "అయితే కొత్తది వెనక్కి..."

బాల్డో కోసిన సీలు వైపు వేలు చూపించాడు. బయట మొదటి చినుకులు షాపు చూరు మీద టపటపా పడ్డాయి.

గ్లెండా మొగుడి మీదికి తిరిగింది. "రెండేళ్లు! రెండేళ్లు నన్ను ఏడిపించావు! కళ్లు కనపడలేదా? అంత ప్లాస్టిక్ కనపడలేదా నీకు?"

"కనపడింది," అన్నాడు ఆర్నెల్ నెమ్మదిగా. "దీనికి ప్లాస్టిక్ ఉంది, తీసేయనా అని నిన్నడిగాను కూడా. వంటింట్లోంచి నువ్వే అరిచావు, కొత్త వస్తువు మీద కవరు తీస్తే చేతులు విరగ్గొడతానని."