రెండో సీటు విషయమై

పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చి, మా షెడ్డులో ఏడేళ్లుగా రూపుదిద్దుకుంటున్న విమానాన్ని తనిఖీ చేసేందుకు అధికారిగారు విచ్చేశారు.

రేకుకు రివెట్టు కొట్టాలంటే ఇద్దరుండాలి. బయటినుంచి కొట్టేది నేను. లోపలికి దూరి ఇనుపదిమ్మ అదిమిపట్టేది మా ఆవిడ. ఆ మోతకు ఆమె ఎడమచెవి పదవీ విరమణ చేసింది. మొదటి షికారుకు తనను తీసుకెళ్లాలన్నది ఆమె ఏకైక షరతు. అంగీకరించితిని.

నిరుడు, దూరం పోవాలన్న ఆశతో, రెండో సీటు చోట అదనపు పెట్రోలు ట్యాంకు బిగించాను. అది సామాన్ల పెట్టె అని ఆమెకు విన్నవించాను.

అధికారిగారు ఫారం తీశారు. "సీట్లెన్నండీ?"

నేను ట్యాంకుకు అడ్డంగా జరిగాను. "అంటే... సాంకేతికంగా చూస్తే..."

"ఒకటేనండీ, రాసుకోండి" అంది మా ఆవిడ. తర్వాత నావైపు తిరిగింది. "సామాన్ల పెట్టెకు పెట్రోలు గొట్టమెందుకో నాకు తెలీదనుకున్నారా? రివెట్లకు దిమ్మ పట్టింది నేనేగా!"

లోపలికెళ్లి, ఎప్పుడో కుట్టి దాచిన సీటు దిండు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒక్కటే దిండు. రెండింటికని నేను తెచ్చిచ్చిన దూదంతా అందులోనే కూరింది.

"దూరం పోవాలిగా, నడుం పట్టేస్తుంది" అంది.