ఆమెన్ తర్వాత

"దాన్ని బైటికి తీసకపోండి! నా కండ్ల ముందర పెట్టొద్దండి!"

చెంగల్రాయుడి అరుపుకు పుత్తూరు చర్చి దద్దరిల్లింది. చెవులు పోయి ఆరేళ్లయింది, తన గొంతు ఎంత లేస్తోందో ఆయనకేం తెలుసు పాపం! కూతురు రూతు జ్వరంతో పోయి ఇవాళ్టికి నలభై రోజులు. జ్ఞాపకార్థ కూడికకు అల్లుడు మునిశేఖర్ ఆమె షార్ట్‌హ్యాండ్ మిషన్ తెచ్చి ముందు బల్ల మీద పెట్టాడు. తిరుపతి సభల్లో ఎవరేం మాట్లాడినా, అప్పటికప్పుడు తెర మీద పడేట్టు రూతు దాని మీదే కొట్టేది.

ఆమెతో కలిసి పనిచేసిన కృపారాణి ఫోన్‌లో రాసి చూపించింది. "పాస్టరయ్య మాటలు నీకెట్ల తెలస్తాయి పెదనాయనా? నేను కొడతా, చదువుకో."

"ఊరందరి మాటలూ కొట్టింది కదమ్మా దీంట్లో! దాని సొంత మాట ఒక్కటన్నా నాకు కొట్టిందా?" అన్నాడాయన.

తప్పెవరిది? ఆయనదే. మూడేళ్ల కిందట రూతు చెప్పాపెట్టకుండా మునిశేఖర్‌ను పెళ్లాడితే, "నేను సచ్చేదాకా నాతో ఒక్క మాట మాట్లాడొద్దు" అనేశాడు. మొండిఘటం! ఆమె నిజంగానే మాట్లాడలేదు. అయినా ప్రతి ఆదివారం వచ్చి, ప్రసంగమంతా నాయన కోసం తెర మీద పడేట్టు కొట్టింది. చివర ఆమెన్ పడ్డాక కూడా ఆమె వేళ్లు కాసేపు మీటల మీదే ఆగేవి. తర్వాత తెర ఆపేసి వెళ్లిపోయేది. పొగరనుకున్నాడాయన. నన్ను క్షమించిందో లేదో అని ఇప్పుడు కుమిలిపోతున్నాడు, అడుగుదామంటే బిడ్డ ఏది?

మునిశేఖర్ మామ ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. వాడి కళ్లూ ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. చెంగల్రాయుడు బెంచీ మీద కూలబడ్డాడు.

కృపారాణి మిషన్ ముందు కూర్చుంది. దాని మీద అక్షరం తర్వాత అక్షరం కొట్టరు. కొన్ని మీటలు ఒక్కసారే నొక్కితే మాటంతా పడుతుంది, ఒక్కోసారి వాక్యమే పడుతుంది. ఏ మీటలకు ఏ వాక్యమో ఎవరి మిషన్‌లో వాళ్లు దాచుకుంటారు. రూతు గుర్తులు కృపారాణికి చాలావరకు తెలుసు.

పాస్టరు రూతు గురించి చెబుతుంటే తెర మీద వరుసలు పరుగెత్తాయి. చెంగల్రాయుడు రెప్ప వాల్చకుండా చదివాడు. ప్రార్థన అయింది. అందరూ ఆమెన్ అన్నారు. ఏడుపు ఆపుకోలేక, రూతు గుర్తు మరిచి, కృపారాణి తన సొంత మిషన్‌లో ఆమెన్‌కు నొక్కే రెండు మీటలు అలవాటుకొద్దీ నొక్కేసింది.

ఆమెన్ పడలేదు.

"అయ్యో దేవుడా, ఇది పాస్టరయ్య మాట కాదు!" అని ఆమె చేతులు వెనక్కి లాక్కుంది. రూతు ఎప్పుడో దాచిపెట్టుకున్న వాక్యం తెర మీద నిలబడింది.

"నాయనా, ఇంక నీతో మాట్లాడొచ్చునా?"