నాలుగో బార్

"రెండ్రోజులే సెలవు. ఈ ఊర్లో గొప్ప బార్లంటే యావో, వరసగా చూపిచ్చు పెద్దాయనా," అన్నాడు శివశంకర్, కారెక్కుతూనే.

కర్నూలు నుంచి ఒక్కడే వచ్చాడు. మాదాపూర్‌లో హోటలు తీసుకుని, శనివారం మొత్తానికి కారు మాట్లాడుకున్నాడు.

"నాలుగున్నయ్ సార్," అన్నాడు చంద్రయ్య. "ఒక్కోటి ఒక్కో తీరు. నాలుగూ చూపిస్త."

ఆ నాలుగింట్లో ఏదో ఒకచోటికి బిల్డరు పార్థసారథి ప్రతి శనివారం మధ్యాహ్నమే వస్తాడు. ఏ వారం ఎక్కడన్నదే తెలియదు. వెతుకుదామనుకున్న ప్రతిసారీ ఏదో బేరం చంద్రయ్యను ఇంకోవైపు లాక్కుపోయేది. ఇవాళ బేరమే అటు నడిచింది. దొరికాడా, వదలకూడదు. నాలుగేళ్లుగా పళ్లు బిగించి అనుకుంటున్న మాట అది.

మొదటిది తొమ్మిదో అంతస్తులో ఉంది.

"కిటికీ పక్క టేబులు అడగండ్రి సార్. చెరువు మొత్తం కనవడ్తదట."

"అట అంటావేంది? నువ్వెప్పుడూ పోలేదా?"

"నేను తాగ సార్. నాకు పార్కింగులే ఎరుక. పైన సంగతులు దిగొచ్చినోళ్లు చెప్తరు గద."

శివశంకర్ నవ్వుకుంటూ లిఫ్టెక్కాడు. చంద్రయ్య సెల్లారు వరసలన్నీ తిరిగాడు. తెల్లటి పెద్ద బండి, నంబరు చివర రెండు ఏడ్లు. లేదు.

రెండోది అక్కడే బీరు కాచి పోసే చోటు. అక్కడా లేదు. కానీ అరగంటకు ఒక వెయిటరు వెతుక్కుంటూ కిందికొచ్చాడు. చేతిలో చేపల వేపుడు ప్లేటు, నిమ్మకాయ సోడా.

"పైనున్న సార్ పంపిండు కాకా."

చంద్రయ్య ప్లేటును రెండు చేతులా అందుకుని బానెట్ మీద పెట్టుకున్నాడు. ఇన్నేళ్లు ఈ సెల్లార్లలో గడిపినా, పైనుంచి తనకోసం ఒక ప్లేటు దిగిరావడం ఇదే మొదలు. ముళ్లు జాగ్రత్తగా తీసుకుంటూ మొత్తం తిన్నాడు.

మూడోదానికి పోతుంటే శివశంకర్ ముందుకు వంగాడు. "ప్రతి బండినీ చూస్తాండావంట. వాచ్‌మన్ చెప్పినాడు. ఎవర్ని ఎతుకుతాండావు?"

చేప తిన్న నోటితో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"నా భార్య సత్తెమ్మ మణికొండల రోడ్లు ఊడ్చేది సార్. ఓ బిల్డరు తెల్లందాక తాగి, తానే నడుపుకుంట వచ్చి గుద్దిండు. చీపురు చేతులనే ఉన్నదట."

"జైలుకు పోయినాడా?"

"డ్రైవర్ పోయిండు. నేనే నడిపిన అని సంతకం పెట్టిండు. తర్వాత నిజం చెప్తే ఎవరూ వినలే. సంతకం ఉన్నది గద అన్నరు."

"థూ! మనిషి ప్రాణం పోతే అబద్ధం సంతకం పెడతాడా? ఆ డ్రైవర్ నాకొడుకును వదిలినావా?"

చంద్రయ్య ముందున్న అద్దంలోకి చూశాడు. "ఆన్ని రోజూ చూస్త సార్. ఆన్ని మాఫ్ చేసేది లేదు. గని ముందు సేటు సంగతి తేలాలె."

మూడో బార్‌లో శివశంకర్ ఒక్క గ్లాసూ ముట్టలేదు. తనూ సెల్లార్లోకి దిగి నంబర్లు చదివాడు.

నాలుగోదాంట్లో బండి దొరికింది. డ్రైవరు రమేష్ సీటు వాల్చుకుని పడుకున్నాడు. చంద్రయ్య అద్దం మీద కొట్టాడు.

"తాగినంక సేటు స్టీరింగ్ నీకిస్తడా తమ్మీ?"

"యాడిస్తడన్నా! పక్కన కూసోమంటడు. పోలీసులు కనవడితే సీట్లు మారుతం."

"ఎవరినన్న గుద్దితే?"

రమేష్ సీటు పైకి లేపుకుని నిటారుగా కూర్చున్నాడు.

"బండి లాక్ చేసి ఛాయ్ తాగిరాపో. గంట దాక రాకు."

"నౌకరి పోతదన్నా. తాళంచెవి..."

"ఇంకోటి ఆయన జేబుల ఉంటది. ఫికర్ చెయ్యకు. పోయే నౌకరి పోనియ్, నువ్వు మిగుల్తవ్."

రమేష్ చంద్రయ్య మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

పార్థసారథి లిఫ్టు దిగేసరికి బయట ఇంకా వెలుతురుంది. రమేష్‌ను రెండుసార్లు కేకేశాడు. బూతులు తిట్టాడు. జేబులు తడుముకుని తానే ఎక్కాడు.

అప్పటికే చంద్రయ్య వందకు ఫోన్ చేసి బండి నంబరు చెప్పాడు. తన కారు తీసుకొచ్చి గేటుకు అడ్డంగా పెట్టి దిగాడు. ఆ బండి ఇంకో చీపురు దాకా పోకూడదు.

తెల్ల బండి ర్యాంపు మీద అటూ ఇటూ ఊగుతూ వచ్చి, చంద్రయ్య కారు తలుపును గుద్ది ఆగింది. సొట్ట పడిన చప్పుడు చంద్రయ్యకు హాయిగా వినిపించింది. శివశంకర్ ఫోన్‌లో అంతా తీస్తున్నాడు. గేటు బయట పోలీసు జీపు వచ్చి ఆగింది.

పార్థసారథి కిటికీ దించాడు. జీపును చూసి మొహం పాలిపోయింది. అంతలో చంద్రయ్యను చూశాడు. పోయిన రంగు తిరిగొచ్చింది.

"చంద్రయ్యా! నువ్వేనా? మంచిగ దొరికినవ్. జల్ది రా, ఈ సీట్ల కూసో. నేనే నడిపిన అని చెప్పు, చాలు."

శివశంకర్ ఫోన్ దించాడు. "ఈయప్పకు నీ పేరెట్ల తెలుసు?"

జీపు తలుపులు తెరుచుకున్నాయి. చంద్రయ్య ఉన్నచోటు నుంచి కదల్లేదు.

"పోయినసారి గూడ గిదే చెప్పమన్నడు సార్," అన్నాడు, "సంతకం పెట్టినంకనే అడిగిన, సచ్చిపోయిందెవరని."