తబస్సుం కళ్ల పరీక్ష

మనుమరాలు తబస్సుం లెక్కల హోంవర్కు నిండా వారం రోజులుగా నేను ఎర్రగీతలే గీస్తున్నాను. తప్పులు పోయేదాకా ఖోఖో బంద్ అన్నాను. మండల జట్టు ఎంపిక ఈ సాయంత్రమే.

బడికి కంటి పరీక్షల నర్సు వచ్చిందని విని పిల్లను వెంటబెట్టుకుని వెళ్లాను.

"పిల్లకు బోర్డు కనబడతలేనట్టుందమ్మా. మూడు రాయాల్సిన కాడ ఎనిమిది రాస్తున్నది."

"నాకు మంచిగనే కనబడతది దాదీ," తబస్సుం మూతి ముడిచింది.

నర్సు చార్టు చదివించింది. ఒక్క అక్షరం తప్పలేదు. తర్వాత నోటుబుక్కు తిరగేసింది.

"ఇక్కడ మూడే ఉంది కదా. లెక్కలన్నీ కరెక్టే. మరి ఈ గీతలు ఎవరు కొట్టిండ్రు?"

తబస్సుం కుర్చీ నా ముందుకు లాగింది.

"జల్దీ కూసో దాదీ. ఒక కన్ను మూసుకొని చార్టు పైనుంచి చదువు. నాకు ఆటకు టైమైతుంది."