నల్ల పొర

బల్ల మీద నిలువునా చీల్చిన పొడవాటి గొట్టం. దాని నిండా చెరువు అడుగు బురద.

అక్క బ్లేడుతో బురదను అడ్డంగా గీకుతోంది. నిలువుగా గీకితే ఒక ఏడాది పేరుకున్న మట్టి ఇంకో ఏడాది పొరకి పూసుకుపోతుంది.

తమ్ముడు చెప్పాపెట్టకుండా ల్యాబులోకి వచ్చాడు. రంగుల ఫ్యాక్టరీ యజమాని కదా, ఏ తలుపైనా తనదే అనుకుంటాడు.

“రేపు చెరువు మీద విచారణలో ఏం చెప్తావు?”

“బురద ఏం చెప్తే అది.”

“నాన్నని బతికుండగా కాల్చుకు తిన్నావు. పోయాక కూడా వదలవా?”

చెరువులో చేపలు చచ్చి తేలిన రోజున, ఫ్యాక్టరీ విషమంతా తన హయాంలో వదిలిందేనని తండ్రి తనే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఆమె పుట్టింటి గడప తొక్కలేదు. చివరిచూపుకు కూడా వెళ్లలేదు.

“చెరువుని చంపిన మనిషి కోసం ఏడవమంటావా?” అంది బ్లేడు ఆపకుండా.

గీకుతున్న చోట తెల్లటి ఇసుక చార తేలింది. దానికి పైన తారులాంటి నలుపు, కింద మామూలు మట్టి రంగు.

“ఈ ఇసుకేంటి?”

“పెద్ద వరద తెచ్చింది.”

ఆ వరద వచ్చిన ఏడాదే తండ్రి ఫ్యాక్టరీ తాళాలు కొడుకు చేతిలో పెట్టాడు.

తమ్ముడి మొహం వెలిగిపోయింది.

“చూశావా! పైన ఉన్న నలుపు వరదకి ముందుది, నాన్నది. కిందంతా ఎంత శుభ్రంగా ఉందో చూడు. నేనొచ్చాకే బాగుపడింది!”

పుస్తకం చదివినట్టు పైనుంచి కిందికి చదివేశాడు, మహానుభావుడు.

అక్క చెయ్యి ఆగిపోయింది.

“చెరువులో ముందు పడింది అడుగున ఉంటుందిరా.”

తమ్ముడు మళ్లీ చూశాడు.

“ఈ నలుపంతా నీదే. నాన్నకి తెలుసా?”

“తెలుసు!” అని అరిచాడు. “నేను ఒప్పుకుంటానంటే ఆయనే పడనివ్వలేదు. ‘నేను ఇవాళో రేపో పోయేవాణ్ణి. నా తర్వాత మీ అక్కకి పుట్టింటివైపు నువ్వొక్కడివే దిక్కు. తప్పు నా మీదే ఉండనీ’ అన్నాడు.”

ఎవరిని తిట్టాలో తెలియక అక్క బ్లేడు కింద పెట్టింది.

వెళ్లి తలుపు తీసి పట్టుకుంది.

“నాన్న దిక్కన్న ఆ ఒక్కడూ నాకిక లేడు,” అంది. “వెళ్లు.”